హోమ్ ఇన్‌స్పెక్టర్ సంఘాల పోటీలో ఇల్లు కొనేవాళ్ళ సంగతేంటి?

టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా బాబాయి కొడుకు ఇల్లు కొనేటప్పుడు, ఇంట్లో లోపాలు చూసి రిపోర్టు రాసిచ్చే హోమ్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన పీడీఎఫ్ నాకు పంపి "అన్నా, ఈయన రిపోర్టు చూడు, మొదటి పేజీలోనే ఏడు లోగోలున్నాయి, మంచి ఇన్‌స్పెక్టరే కదా" అని అడిగాడు. నేను కూడా ఆ లోగోలే చూసి పర్లేదురా ముందుకెళ్ళు అన్నాను. వాళ్ళు దిగిన తర్వాత మొదటి జూలైలోనే అటిక్‌లో, అంటే పైకప్పు కింద ఉండే ఖాళీ చోట, ఏసీ కింద నీళ్ళు పట్టడానికి పెట్టే పాన్ నిండి పొంగి, పైన బెడ్రూమ్ సీలింగ్ తడిసి ఉబ్బిపోయింది. వచ్చిన ఏసీ టెక్నీషియన్ పాన్ అడుగున పట్టిన తుప్పు చూపించి ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ళ నాటిది అన్నాడు. అప్పుడు అదే పీడీఎఫ్ మళ్ళీ తెరిచి లోపలి పేజీలు చదివితే, అటిక్ దగ్గర "ఎక్కడి నుంచి చూశారు" అనే లైన్లో "నిచ్చెన మీద నుంచి" అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే మనిషి లోపలికి వెళ్ళనే లేదు, తల పెట్టి చూసి దిగిపోయాడు. ఫోన్ చేస్తే కాంట్రాక్ట్ చూసుకోమన్నాడు, అందులో ఆయన బాధ్యత మనం కట్టిన ఫీజు వరకే అని రాసుంది. రిపోర్టు మీద లోగో ఉన్న ఇన్‌స్పెక్టర్ల సంఘాల్లో ఒకదానికి రాస్తే ఇది మీకూ ఆయనకీ మధ్య వ్యవహారం అని మర్యాదగా జవాబిచ్చారు.

ఆ జవాబు చూశాక నాకు ఈ సంఘాలు ఎవరి కోసం ఉన్నాయో తెలుసుకోవాలనిపించింది. తవ్వేకొద్దీ అర్థమైందేంటంటే వీళ్ళ మధ్య ఏళ్ళుగా గట్టి పోటీ ఉంది, ఆ పోటీ మాత్రం ఇల్లు కొనే మన కోసం కాదు, సభ్యత్వం కట్టే ఇన్‌స్పెక్టర్ల కోసం.

అమెరికాలో ఈ వృత్తికి ఒక రూపం ఇచ్చింది అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్, ఆషీ అంటారు, 1976లో మొదలైంది. అప్పటికి ఇల్లు చూసి రిపోర్టు రాయడం అనేది ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసే పని, ఏం చూడాలి ఏం చూడక్కర్లేదు అని ఒక ప్రమాణం రాసి, రిపేరు పని మనకే వచ్చేలా రిపోర్టు రాయకూడదు లాంటి నీతి నియమాలు పెట్టింది వీళ్ళే, ఆ ఘనత ఇవ్వాల్సిందే. 1987లో నాహీ అని ఇంకో జాతీయ సంఘం వచ్చింది, అది 2016లో మూతపడింది. ఈలోగా నిక్ గ్రోమికో పెట్టిన ఇంటర్‌నాచీ, కొలరాడోలో బౌల్డర్ కేంద్రంగా, ఆన్‌లైన్ కోర్సులతో, సభ్యులకి మార్కెటింగ్ సామాన్లతో దూసుకొచ్చి ఇవాళ ప్రపంచంలో పెద్ద సంఘం మాదే అంటోంది.

రెండూ అమ్మేది రెండు వేర్వేరు మాటలు. ఆషీ మాట ఏంటంటే మా దగ్గర సర్టిఫైడ్ అవ్వాలంటే ఫీజు తీసుకుని చేసిన ఇన్‌స్పెక్షన్లు 250 ఉండాలి, నేషనల్ హోమ్ ఇన్‌స్పెక్టర్ ఎగ్జామ్ పాసవ్వాలి, కాబట్టి మా వాడు అనుభవం ఉన్నవాడు అని. ఇంటర్‌నాచీ అన్ని ఇళ్ళు చూసి రమ్మని అడగదు, ఆన్‌లైన్ పరీక్షలూ కోర్సులూ పూర్తి చెయ్యి, ఏటా నేర్చుకుంటూ ఉండు, సర్టిఫైడ్ అవ్వు అంటుంది. ఆషీ పక్షం వాళ్ళు దీన్ని తేలిక సర్టిఫికెట్ అంటారు, అవతలి వాళ్ళేమో మీరు కొత్తవాళ్ళని రానివ్వకుండా తలుపేసుకున్న పాతకాపుల క్లబ్ అంటారు. నన్నడిగితే ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. 250 ఇళ్ళు చూసినవాడి కన్ను వేరే, అది ఏ వీడియో కోర్సూ ఇవ్వలేదు. అదే సమయంలో, మొన్నటిదాకా వడ్రంగి పనో ఎలక్ట్రీషియన్ పనో చేసి ఈ లైన్లోకి రావాలనుకునేవాడికి రూఫింగ్ నుంచి ఫర్నేస్ దాకా ఇంట్లో కూర్చుని నేర్చుకునే దారి తెరిచింది ఇంటర్‌నాచీయే, అది చిన్న విషయం కాదు.

కానీ పేపర్ మీద ఉన్న ఈ తేడా మన దాకా రాదు. ఆషీలో కూడా కొత్తగా చేరినవాళ్ళు అసోసియేట్లుగా ఉంటారు, సర్టిఫైడ్ అయినవాళ్ళు వేరే, రిపోర్టు మీద ఎర్రదో నీలందో గుండ్రటి ముద్ర చూసేవాడికి ఈ మెట్లు ఎలా తెలుస్తాయి? ఇంటర్‌నాచీలో ఒక్కో కోర్సుకీ ఒక్కో లోగో, మోల్డ్ అనే బూజుకి ఒకటి, రేడాన్ వాయువుకి ఒకటి, థర్మల్ కెమెరాకి ఒకటి. మావాడి రిపోర్టు మీద ఏడు ఎలా పోగయ్యాయో అప్పుడు అర్థమైంది.

ఇంటర్‌నాచీకి ఒక గ్యారంటీ ఉంది, మా ఇన్‌స్పెక్టర్ ఏదైనా మిస్సయితే మీ ఇల్లు మేమే కొంటాం అని. వినగానే ఎవరికైనా ధైర్యం వస్తుంది. షరతులు చదివితే, క్లోజింగ్ తర్వాత, అంటే ఇల్లు మన పేరు మీదకి మారాక, 90 రోజుల వరకే, ఆ స్కీములో ఉన్న సభ్యుడు చేసిన ఇన్‌స్పెక్షన్ అయ్యుండాలి, ఇల్లు లైసెన్స్ ఉన్న ఏజెంట్ దగ్గర అమ్మకానికి పెట్టి ఉండాలి, పైగా వాళ్ళ ప్రమాణాల ప్రకారం చూడాల్సిన లిస్టులో లేనిది మిస్సయితే వర్తించదు. ఆ ప్రమాణాల్లో రూఫ్‌ని నేల మీద నుంచో అంచు దగ్గర నుంచో చూస్తే చాలు, ఎక్కి నడవక్కర్లేదు, సామాను జరపక్కర్లేదు. ఒక్కో షరతుకీ కారణం ఉండొచ్చు, కాదనను. కానీ డిసెంబర్‌లో క్లోజింగ్ అయిన ఇంట్లో ఏసీ పాన్ పొంగేది జూలైలో, 90 రోజులు ఎప్పుడో అయిపోతాయి. వేసిన పోస్టర్ పెద్దది, ఇచ్చిన భరోసా చిన్నది, ఆ రెండిటి మధ్య దూరం నాకు నచ్చలేదు.

ఇంతకన్నా పెద్ద సమస్య ఏజెంట్. మనలో చాలామంది ఇన్‌స్పెక్టర్‌ని వెతుక్కోం, ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన మూడు పేర్లలో ఒకడికి ఫోన్ చేస్తాం. డీల్ ఆగిపోతే ఏజెంట్‌కి కమిషన్ రాదు, డీల్స్ ఆపే ఇన్‌స్పెక్టర్ పేరు ఆ మూడింట్లో ఎన్నాళ్ళుంటుంది? మంచి ఏజెంట్లు లేరని కాదు, ఆ ఏర్పాటే అలా ఉంది. అందుకే మసాచుసెట్స్‌లో ఏజెంట్ ఫలానా ఇన్‌స్పెక్టర్ అని నేరుగా సిఫార్సు చెయ్యకూడదని, కొనేవాడి తరఫున రాతపూర్వకంగా ఒప్పందం ఉన్న ఏజెంట్‌కే మినహాయింపని చట్టం పెట్టారు. సంఘాలు ఏజెంట్లకి దగ్గరయ్యే బ్రోషర్ల మీద పెట్టే శ్రద్ధ ఇలాంటి చట్టం మిగతా చోట్ల తేవడం మీద పెడితే, వాళ్ళ సభ్యుల్లో నిక్కచ్చిగా రాసేవాళ్ళకే మేలు కదా.

చట్టం దగ్గరికొచ్చేసరికి పోటీ ఇంకా ముదురుతుంది. పెన్సిల్వేనియా 2000లో చేసిన చట్టంలో రాష్ట్రం తానే లైసెన్స్ ఇవ్వకుండా, ఇన్‌స్పెక్టర్ ఒక జాతీయ సంఘంలో పూర్తి సభ్యుడై ఉండాలంది, ఆ సంఘం పది రాష్ట్రాలకి మించి సభ్యులున్నదై ఉండాలి, 100కి పైగా ఇన్‌స్పెక్షన్లు చేసి పరీక్ష పాసైనవాళ్ళనే పూర్తి సభ్యులుగా తీసుకోవాలి. అంటే ప్రభుత్వం చెయ్యాల్సిన వడపోత సంఘాల చేతికి పోయింది, సభ్యత్వమే లైసెన్స్ అయ్యింది. సభ్యుల చందాలతో బతికే సంస్థకి సభ్యుణ్ణి తీసేసే అధికారం కూడా ఇస్తే అది ఎంత గట్టిగా వాడుతుందో ఎవరైనా ఊహించొచ్చు. కాలిఫోర్నియా, జార్జియా, కొలరాడోల్లో అయితే రాష్ట్ర లైసెన్సే లేదు. అట్లాంటా చుట్టుపక్కల, బే ఏరియాలో మనవాళ్ళు ఇన్ని వేలమంది ఇళ్ళు కొంటున్నారు, అక్కడ లోగో తప్ప పట్టుకోవడానికి ఇంకేం లేదు, అందుకే ఆ లోగోకి అంత విలువ, అంత పోటీ.

మనకి అమెరికాలో సంఘాల సంగతి కొత్త కాదు, తానా, ఆటా, నాట్స్, నాటా అన్నీ చూశాం, రెండు సంఘాలుంటే సభ్యుల కోసం ఎంత పోటీ పడతాయో మనకి బాగా తెలుసు. అక్కడ పోటీ వల్ల పోయేది ఒక వీకెండ్, ఇక్కడ పోయేది ముప్పై ఏళ్ళు కట్టాల్సిన ఇల్లు.

టెక్సాస్‌లో పరిస్థితి కాస్త నయం. ఇన్‌స్పెక్టర్‌కి లైసెన్స్ ఇచ్చేది టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్, కనీసం లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి, రిపోర్టు ఫారం కూడా కమిషన్ ఇచ్చిందే వాడాలి. ఆ ఫారంలో ప్రతి ఐటమ్‌కీ నాలుగు గడులుంటాయి, చూశాను, చూడలేదు, ఇక్కడ లేదు, లోపం ఉంది అని. మావాడి విషయంలో మమ్మల్ని కాపాడగలిగింది ఆ గడులూ "ఎక్కడి నుంచి చూశారు" అనే ఆ లైనూ మాత్రమే, మేం వాటిని సమయానికి చదవలేదు. అప్పటికి ఆప్షన్ పీరియడ్, అంటే డీల్ వదులుకునే వీలున్న గడువు, ఇంకా నాలుగు రోజులుంది, చదివుంటే అటిక్‌లోకి ఇంకొకణ్ణి పంపేవాళ్ళం.

ఇప్పుడు మావాడు కమిషన్‌కి కంప్లయింట్ పెట్టాడు, ఫొటోలూ టెక్నీషియన్ రాసిచ్చిన కాగితమూ జత చేశాడు. పోయిన వారం వాళ్ళ ఫ్రెండ్ ఒకతను సెలీనాలో ఇల్లు చూస్తూ ఇన్‌స్పెక్టర్ల లిస్టు పంపితే, మావాడు లోగోల సంగతి ఎత్తకుండా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పోయిన నెల చేసిన రిపోర్టు ఒకటి పేరూ అడ్రసూ తీసేసి పంపమని అడిగాడట. ఇద్దరు పంపారు, ఒకాయన తన వెబ్‌సైట్ లింక్ ఇచ్చి సర్టిఫికెట్లు అక్కడ చూసుకోమన్నాడు. ఆయన పేరు కొట్టేశారు.