రోహిణి కార్తెలో వెన్న పువ్వులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ కార్తెలోనే, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో, కొడుకు పుట్టినరోజుకు వెన్న ఐసింగు పూసిన కేకు చేయాలని మా వదినగారు సంకల్పించారు. రాత్రంతా ఆ కేకును క్షేమంగా కాపాడిన ఫ్రిజ్, తెల్లవారి అందరూ కాఫీలు తాగుతుండగా ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మెకానిక్కుకు ఫోను చేస్తే, ఊళ్లో ఫ్రిజ్‌లన్నీ ఈ కార్తె కోసమే కాచుకొని కూర్చున్నాయని, దీపాలు పెట్టే వేళకు గాని రాలేనని చెప్పాడు.

కేకు కోసే ముహూర్తం సాయంత్రం 7 గంటలకు. బయట ఎండ 43 డిగ్రీలు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యనే కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి ఆకారం వదిలేస్తుంది. కేకు అంచు చుట్టూ వదినగారు గొట్టంతో ఒత్తిన గులాబీరంగు పువ్వులూ, నడుమ చాక్లెట్‌తో రాసిన ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అనే అక్షరాలూ ఆ వెన్న మీదే ఆధారపడి బతుకుతున్నాయి.

మా నాన్నగారు రసాయనశాస్త్రం బోధించి రిటైరైన వారు కనుక, ఇంట్లో ఏది పాడైనా ముందు దాని కారణం చెప్పనిదే బాగుచేయడానికి ఒప్పుకోరు. ఆవకాయను ఉప్పు కాపాడినట్టే ఈ ఐసింగును చక్కెర కాపాడుతుందనీ, నీటిని తనలోనే పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందనివ్వదనీ, మీగడ గిలక్కొట్టి పూసిన కేకయితే 5 డిగ్రీల లోపు ఉండి తీరాలి గాని, వెన్నా చక్కెరా కలిపినది ఒక్క పూటలో చెడిపోదనీ ఆయన వివరించారు. పైగా ఐసింగు గాలి తగలనివ్వదు కాబట్టి లోపలి కేకు మెత్తగానే ఉంటుందనీ, నిజానికి ఫ్రిజ్ చలిలోనే పిండి తొందరగా బిగుసుకుంటుందనీ కూడా చెప్పి, “కాబట్టి రుచి చెడదమ్మా, రూపమే చెడుతుంది” అని తీర్పు ఇచ్చారు.

“రూపం కోసమే కదా మామయ్యగారూ, రాత్రి పన్నెండింటి దాకా మేలుకున్నాను!” అన్నారు వదినగారు.

నాయనమ్మకు రసాయనశాస్త్రంతో పని లేదు. పెద్ద పళ్లెంలో నీళ్లు పోయించి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కేకు పెట్టించింది. చీమలు గట్టు దాకా వచ్చి, సమావేశమై, తిరిగి వెళ్లాయి. ఆ రోజు మొత్తం మీద నూటికి నూరుపాళ్లు ఫలించిన ఉపాయం అదొక్కటే. ఆ ఉత్సాహంతో ఆమె కేకు చుట్టూ తడిగుడ్డ కూడా కట్టించింది. నీరు ఆవిరైతేనే కదా చల్లదనం? ఆకు కదలని ఉక్కపోతలో అది ఆవిరయ్యే సూచన కనిపించలేదు సరికదా, ఐసింగులోని చక్కెర ఆ తేమను పీల్చుకోవడంతో పువ్వులకు చెమటలు పట్టాయి.

పక్కవాటా పిన్నిగారు తమ ఫ్రిజ్‌లో చోటిస్తామని ముందుకు వచ్చి, తలుపు తెరవబోతూ, “ఇందులో కోడిగుడ్డు లేదు కదా అమ్మాయ్?” అని అడిగారు. “బేకింగ్ పౌడరు కూడా ఉంది పిన్నిగారూ” అని వదినగారు ఇచ్చిన సమాధానంలోని ‘కూడా’ను ఆవిడ ఇట్టే పట్టేశారు. కేకు వెళ్లిన దారినే తిరిగి వచ్చింది.

ఇక మిగిలింది తాతగారి గది. ఇంట్లో ఏసీ ఉన్నది అక్కడే. 20 డిగ్రీల దగ్గర పెడితే వెన్న నిలబడుతుందని నాన్నగారు హామీ ఇవ్వగా, కేకును తాతగారి మందుల బల్ల మీద ప్రతిష్ఠించారు. ఎప్పుడూ 27 దాటి కిందికి దించనివ్వని ఆ పెద్దమనిషి, మధ్యాహ్నానికి శాలువా కప్పుకొని, మంకీ టోపీ పెట్టుకొని, “వడగాడ్పులకు బయటికి రావద్దని పేపర్లో రాస్తుంటే, నన్ను చలికి చంపుతున్నారేమిట్రా!” అని కేకలేశారు. ఆయన చలికి వణకడం వృథా పోలేదు, పువ్వులు మళ్లీ బిర్రబిగుసుకున్నాయి. అయితే ఏసీ గదిలో కేకు ఉందన్న వార్త అందరికీ ఒక్కసారిగా బాధ్యతను గుర్తుచేసింది. ‘ఎలా ఉందో చూసి వస్తా’నని వెళ్లిన అన్నయ్య గోడవార నిద్రపోయాడు, అమ్మ చింతపండు బుట్టతో సహా అక్కడికే మకాం మార్చింది, పిన్నిగారు సైతం కోడిగుడ్డుకు కాస్త ఎడంగా కుర్చీ వేయించుకున్నారు.

నాలుగున్నరకు కరెంటు పోయింది. ఇన్వర్టరు ఫ్యానును తిప్పుతుంది గాని ఏసీని మోయదు. మొదట ‘పుట్టిన’లోని టకార ఒత్తు కదిలింది. అది పువ్వుల మధ్య నుంచి నెమ్మదిగా దారి చేసుకొని అంచు దాటింది. దాని వెనుకే ‘శుభాకాంక్షలు’లోని దీర్ఘాలు ఒక్కొక్కటిగా బయలుదేరాయి. వదినగారు స్పూనుతో వాటిని మళ్లీ పైకి చేరుస్తుంటే, పుట్టినరోజు పిల్లవాడు ఏ అక్షరం కిందికి దిగినా వేలితో అందుకొని నాకేస్తూ, ఇంతకన్నా గొప్ప పుట్టినరోజు ఉండదన్నంత సంబరపడ్డాడు.

ఏడింటికి కోయడానికి కేకు ఉంది గాని, ఐసింగు పళ్లెంలో ఉంది. వదినగారు అభిమానం చంపుకొని, ముక్కలను స్టీలు గిన్నెల్లో వేసి, పైన గరిటెతో ఐసింగు పోసి అందరికీ పంచారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్కుకూ ఒక గిన్నె అందింది. ఆయన అడుగంటా గీకి తిని, మూతి తుడుచుకొని, “పాయసం బాగుందమ్మా, రెండు యాలక్కాయలు పడితే ఇంకా బాగుండేది” అని ఫ్రిజ్ వైపు నడిచాడు.