ఎక్లిప్స్‌ను ముంచింది రాయల్టీలు కాదు

‘ఎక్లిప్స్ కామిక్స్: మంచితనం ముంచిన కంపెనీ’ అనే మెసేజ్ నాకు మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాళ్లు బొమ్మలు వేసి బతకాలనుకుంటున్న కుర్రాళ్లు. కింద ‘నిజమే కదా అన్నా’ అని కూడా రాశారు. కామిక్స్ పిచ్చి ఉన్న స్నేహితులు కాలక్షేపానికి పంపినన్నాళ్లూ చదివి వదిలేశాను. రేపో మాపో కాంట్రాక్టు మీద సంతకం పెట్టబోయేవాళ్లు దీన్ని నమ్మడం మొదలుపెట్టాక ఊరుకోలేను.

మెసేజ్ సారాంశం ఇది. డీన్, జాన్ ముల్లానీ అనే అన్నదమ్ములు అమెరికాలో ఒక చిన్న కామిక్స్ కంపెనీ పెట్టారు. పెద్ద కంపెనీలకు భిన్నంగా రచయితలకు, చిత్రకారులకు హక్కులు, రాయల్టీలు ఇచ్చారు. గొప్ప పేరు తెచ్చుకున్నారు. ఆ ఉదారత్వమే 1994లో కంపెనీని మూయించింది. కాబట్టి కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు హక్కుల గొడవ పెట్టుకోకుండా ఇచ్చింది తీసుకుని పని చేయాలి. ఈ ఆఖరి మాటకు బలంగా ఆరు పాయింట్లు ఇచ్చారు. వరసగా చూద్దాం.

మొదటి పాయింట్: ‘ప్రపంచంలో మొట్టమొదటి గ్రాఫిక్ నవల ఎక్లిప్స్‌దే.’ కాదు. 1978లో వాళ్లు వేసిన ‘సేబర్’ కామిక్స్ షాపుల కోసమే తయారైన తొలి గ్రాఫిక్ నవలల్లో ఒకటి. డాన్ మెక్‌గ్రెగర్ రాశాడు, పాల్ గులేసీ బొమ్మలు వేశాడు. ఆ గౌరవం చాలు. పుస్తకం రూపంలో బొమ్మల కథలు అంతకుముందూ వచ్చాయి.

రెండో పాయింట్: ‘సూపర్ హీరోలను వద్దనుకుని నష్టపోయింది.’ డీఎన్ఏజెంట్స్ ఎవరు? మిరకిల్‌మ్యాన్ ఎవరు? ఆ రెండూ ఎక్లిప్స్ వేసిన సూపర్ హీరో కామిక్సే. ఆ కంపెనీ అట్టలు నాలుగు చూసినా ఈ వాక్యం రాయరు.

మూడో పాయింట్ వరద గురించి. 1986 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో రష్యన్ నది పొంగింది. గర్న్‌విల్ ఊళ్లో ఉన్న ఎక్లిప్స్ ఆఫీసు మునిగింది, పాత సంచికల నిల్వ పోయింది. ఇది నిజమే. ఆ దెబ్బకు మిరకిల్‌మ్యాన్ 8వ సంచికను పాత కథల పునర్ముద్రణతో నింపి, ఎందుకలా చేయాల్సి వచ్చిందో పాఠకులకు చెప్పుకున్నారు. మెసేజ్ అక్కడ ఆగితే నాకు పేచీ లేదు. ‘ఆ వరదతోనే కథ ముగిసింది’ అంటుంది. ముగిసిన కంపెనీ మరుసటి ఏడు, 1987లో, విజ్ సంస్థతో కలిసి ‘ఏరియా 88’, ‘మాయ్’, ‘కముయ్’ వంటి మాంగాలను, అంటే జపాన్ బొమ్మల కథలను, అమెరికా షాపులకు ఎలా తెచ్చింది? 1989లో టోల్కీన్ నవల ‘హాబిట్’ను బొమ్మల కథగా ఎలా వేసింది? వరద తర్వాత ఆ కంపెనీ ఏడెనిమిదేళ్లు నడిచింది.

అయినా ఈ పాయింట్‌లో ఒక సంగతి ఒప్పుకోవాలి. కామిక్స్ షాపులు ముందే ఆర్డరు ఇచ్చి కొంటాయి, మిగిలినవి వెనక్కి ఇవ్వవు. దానివల్ల చిన్న పబ్లిషరుకు కొత్త సంచిక మీద వచ్చే డబ్బు ఇంతే అని ముందే తేలిపోతుంది. ఆ పైన ఆధారం గోడౌన్‌లో ఉన్న పాత సంచికలే. వాటికి మళ్లీ ప్రింటింగ్ ఖర్చు లేదు, కాగితం ఖర్చు లేదు. చెడ్డ నెలల్లో ఆదుకునేది ఆ నిల్వే. అది పోయిన కంపెనీ ఆ తర్వాత ప్రతి నెలా ఆ నెల ఆర్డర్ల మీదే బతకాలి. 1986లోనే చచ్చిపోలేదు కానీ, 1993లో మార్కెట్ కూలినప్పుడు చేతిలో ఉండాల్సింది ఒకటి ఆ వరదలో పోయింది. మెసేజ్ రాసినవాళ్లకు ఇది పట్టలేదు. వాళ్లకు వరద ఒక సినిమా సీను మాత్రమే.

ఇక నాలుగో పాయింట్. నేను ఇదంతా రాస్తున్నది దీనికోసమే. మాట మార్చకుండా దించుతున్నాను: ‘సంపాదనంతా కళాకారులకు రాయల్టీల కింద పంచిపెట్టి ఎక్లిప్స్ దివాలా తీసింది. హక్కులు అడిగే కళాకారుడు తాను కూర్చున్న కొమ్మనే నరుక్కుంటాడు.’

ముందు రాయల్టీ అంటే ఏమిటో చూడండి. పుస్తకం అమ్మితే, అమ్మిన దాంట్లో వాటా. అమ్మకపోతే వాటా లేదు. పండిన పంటలో పాలు పంచి ఏ రైతూ చితికిపోడు, పండకముందు చేసిన అప్పు చితకగొడుతుంది. కామిక్స్‌లో ఆ అప్పు ప్రింటరుది, కాగితానిది, ఆఫీసుది. ‘పేజీకి ఇంత అని అడ్వాన్సు కూడా ఇచ్చారు కదా’ అని ఎవరైనా అనవచ్చు. హక్కులన్నీ లాగేసుకునే కంపెనీ కూడా పేజీకి ఇంత అని ఇస్తుంది. ఆ ఖర్చు ఇద్దరికీ ఒకటే.

రెండోది, మెసేజ్ రాసినవాళ్లు తెలిసి దాచారో, అసలు వెతకనే లేదో. ఎక్లిప్స్‌కు జపాన్ మాంగాలు తెచ్చిచ్చిన టోరెన్ స్మిత్, తనకు రావాల్సిన డబ్బు ఇవ్వలేదని కోర్టుకు వెళ్లాడు. కోర్టు ఆయన పక్షానే తీర్పు ఇచ్చింది, లక్షా ఇరవై వేల డాలర్ల పైచిలుకుకు. పంచిపెట్టి మునిగింది అంటున్న కంపెనీ పంచాల్సింది పంచలేదని కోర్టులో తేలింది. చేసినవాళ్లకు బాకీపడ్డ కంపెనీని తీసుకొచ్చి, చేసినవాళ్లే దాన్ని తినేశారని రాయడానికి చెయ్యెలా వచ్చింది? బాకీ రానివాళ్లనే దోషులుగా నిలబెట్టే ఈ రాత చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

మూడోది. హక్కులు ఇవ్వడమే దివాలాకు కారణమైతే, తన ప్రధాన పాత్రల హక్కులన్నీ తన దగ్గరే పెట్టుకున్న కంపెనీ క్షేమంగా ఉండాలి. మార్వెల్ 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. స్పైడర్‌మ్యాన్ వాళ్లదే, ఎక్స్‌మెన్ వాళ్లదే, సృష్టించినవాళ్లకు యాజమాన్యం ఒక్క పైసా వంతు లేదు. మరి వాళ్లను ముంచింది ఎవరి రాయల్టీలు? మరోపక్క 1992లో పుట్టిన ఇమేజ్ కామిక్స్ తన పేరు, లోగో తప్ప పుస్తకాల మీద హక్కు అడగదు. ఇప్పటికీ నడుస్తోంది.

నాలుగోది, కంపెనీ పోయాక ఏం జరిగిందన్నది. ఎక్లిప్స్ 1995లో దివాలాకు దరఖాస్తు చేసింది. మరుసటి ఏడు దాని మేధో ఆస్తులన్నీ కామిక్స్ చిత్రకారుడు టాడ్ మెక్‌ఫార్లేన్ కొన్నాడు. ధర 25,000 డాలర్లు. పదిహేనేళ్లకు పైగా నడిచిన కంపెనీ పేరున ఉన్న కథల, పాత్రల ధర అది. సృష్టికర్తల పేరున ఉన్నవి ఆ వేలంలోకి వెళ్లలేదు. స్కాట్ మెక్‌క్లౌడ్ సృష్టించిన కామిక్ ‘జాట్!’ ఆయన దగ్గరే ఉంది, 2008లో హార్పర్‌కాలిన్స్ దాన్ని లావుపాటి సంపుటంగా వేసింది. సెర్జియో అరగోనెస్ సృష్టించిన ‘గ్రూ’ సంగతి ఇంకా చూడండి. 1982లో ఎక్లిప్స్ వేసిన ‘డిస్ట్రాయర్ డక్’లో మొదట కనిపించాడు. పసిఫిక్ కామిక్స్ అతని పత్రిక నడిపింది, 1984లో మూతపడింది. ఎక్లిప్స్ ఒక ప్రత్యేక సంచిక వేసింది. తర్వాత మార్వెల్ వారి ఎపిక్, ఆ తర్వాత ఇమేజ్, ఆ తర్వాత డార్క్ హార్స్. పబ్లిషర్లు పోయారు, మారారు, గ్రూ మాత్రం అరగోనెస్ వెంటే నడిచాడు. ఆ హక్కు ఆయన చేతిలో లేకపోతే మొదటి మూసివేతతోనే ఆ పాత్ర ఏ అప్పులవాళ్ల అలమరాలోకో చేరేది.

హక్కు ఎవరిదో తేలని పుస్తకానికి ఏమవుతుందో కూడా ఇక్కడే ఉంది. మిరకిల్‌మ్యాన్ 24వ సంచిక 1993లో వచ్చింది. 25వ సంచిక బొమ్మలు సిద్ధంగా ఉండగా కంపెనీ ఆగిపోయింది. ఎక్లిప్స్ వాటా ఎంత, రచయితల వాటా ఎంత, 1950లలో ఆ పాత్రకు మూలం సృష్టించిన మిక్ ఆంగ్లో హక్కు ఎంత అన్న చిక్కుముడి ఏళ్ల తరబడి సాగింది. 2009లో మార్వెల్ ఆంగ్లో దగ్గర హక్కులు తీసుకుంది. పాత సంచికలు మళ్లీ అచ్చు కావడానికి 2014 వచ్చింది. ఆగిన కథ ముందుకు కదలడానికి 2022 వచ్చింది. ఎక్లిప్స్ ప్రచురించిన వాటిలో అందరూ గొప్పగా చెప్పుకునే పుస్తకం ఇదే. ఒక తరం పాఠకులకు దొరకకుండా పోయింది.

‘ఇచ్చింది తీసుకుని పని చేసుకోండి’ అని సలహా ఇస్తున్నారు కదా, అలా చేసినవాళ్లు ఉన్నారు. జెర్రీ సీగెల్, జో షూస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు ఇచ్చేశారు. 1975లో నలుగురూ గోల పెట్టాక గానీ కంపెనీ వాళ్లకు పింఛను ఇవ్వలేదు, అప్పటికి షూస్టర్‌కు చూపు దాదాపు పోయింది. స్టీవ్ గెర్బర్ తాను సృష్టించిన ‘హోవర్డ్ ద డక్’ కోసం మార్వెల్ మీద కోర్టుకెక్కినప్పుడు, లాయరు ఖర్చులకు డబ్బు పోగేయడానికే డిస్ట్రాయర్ డక్ వేశారు. మార్వెల్ పాత్రలెన్నిటికో ప్రాణం పోసిన చిత్రకారుడు జాక్ కిర్బీ అంతటివాడు దానికి ఉచితంగా బొమ్మలు వేశాడు. దాన్ని అచ్చు వేసిన కంపెనీ ఎక్లిప్స్. ఆ కంపెనీ పేరు చెప్పి, హక్కులు అడగొద్దని కుర్రాళ్లకు బోధించడం ఆ పేరుకే అవమానం.

మెసేజ్ చెప్పలేదు కానీ, ఈ పాయింట్‌లో ఒక నిజం ఉంది, నేనే చెబుతాను. హక్కులు తన దగ్గర పెట్టుకోని పబ్లిషరుకు తాకట్టు పెట్టడానికి ఏమీ ఉండదు. పెద్ద కంపెనీ ఒక చెడ్డ ఏడాదిని ఆటబొమ్మల లైసెన్సు మీద, సినిమా ఒప్పందం మీద నెట్టుకొస్తుంది. మార్వెల్ దివాలా నుంచి లేచిందంటే పాత్రలు దాని చేతిలో ఉండబట్టే. ఎక్లిప్స్ లాంటి కంపెనీ పడితే లేవడానికి పట్టుకొమ్మ ఉండదు. మంచి పబ్లిషరు ఈ బలహీనతను తెలిసే నెత్తికెత్తుకుంటాడు. కాబట్టి తక్కువ పుస్తకాలు వేయాలి, చేతిలో నగదు ఉంచుకోవాలి. ఎక్లిప్స్ చేసింది దీనికి ఎదురు. రంగుల కామిక్స్, మాంగా, గ్రాఫిక్ నవలలు, సేకరించి దాచుకునే బొమ్మల కార్డుల సెట్లు, హార్పర్‌కాలిన్స్‌తో కలిసి పుస్తకాల షాపుల మార్కెట్. ఆ చివరిదాని పద్ధతే వేరు, అక్కడ అమ్ముడుపోనివి తిరిగొస్తాయి. ఇన్ని పడవల మీద కాళ్లు పెట్టి ఉండగా, 1993లో స్పెక్యులేటర్ల, అంటే రేపు ఎక్కువ ధరకు అమ్ముదామని సంచికలు కొని దాచినవాళ్ల, బుడగ పేలింది, షాపులు వరసగా మూతపడ్డాయి. నాకు కనిపించే కారణాలు ఇవి.

ఐదో పాయింట్: ‘డిస్ట్రిబ్యూషన్ మొత్తం డైమండ్ గుప్పిట్లోకి వెళ్లి ఎక్లిప్స్‌ను చంపింది.’ డైమండ్ అంటే కామిక్స్‌ను షాపులకు చేరవేసే డిస్ట్రిబ్యూటరు. క్యాలెండర్ చూడండి. హీరోస్ వరల్డ్ అనే డిస్ట్రిబ్యూటరును మార్వెల్ కొంటున్నట్టు ప్రకటించింది 1994 డిసెంబరు చివర్లో. పెద్ద పబ్లిషర్లు డైమండ్‌తో ప్రత్యేక ఒప్పందాలు చేసుకున్నది 1995లో. తన పోటీ డిస్ట్రిబ్యూటరు క్యాపిటల్ సిటీని డైమండ్ కొన్నది 1996లో. 1994లో మూతపడిందని మీ మెసేజ్‌లోనే రాసి, తర్వాత జరిగినవాటిని హంతకులుగా చూపిస్తారా? ఆ గుత్తాధిపత్యం చాలామంది చిన్న పబ్లిషర్లను నిజంగా దెబ్బ తీసింది, దాని మీద వేరే రాయొచ్చు. ఈ చావు దాని ఖాతాలో వేయకండి.

ఆరో పాయింట్: ‘హంతకుల బొమ్మలతో కార్డులు వేసి కేసుల్లో ఇరుక్కుని నాశనమైంది.’ కేసు వేసింది ఎక్లిప్సే. 1992లో ట్రూ క్రైమ్ కార్డులను మైనర్లకు అమ్మకూడదని న్యూయార్క్ రాష్ట్రంలోని నస్సా కౌంటీ చట్టం చేస్తే, అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఎదిరించింది, గెలిచింది. అప్పీలు కోర్టు ఆ గెలుపును ఖాయం చేసేసరికి 1997 వచ్చింది, కంపెనీ అప్పటికే లేదు. ఈ పాయింట్‌లోనే ‘గాలివాటం సరుకు వెంట పరిగెత్తింది’ అనే ముక్క ఉంది, అది మాత్రం సరైనదే. నింజా తాబేళ్లు హిట్టయ్యాయని కరాటే చిట్టెలుకల కామిక్స్ వేసిన కంపెనీని ఆ విషయంలో వెనకేసుకురాలేను.

మెసేజ్ ఫార్వర్డ్ చేయాలనిపిస్తే నాలుగో పాయింట్ తీసేసి చేయండి. సంతకం పెట్టబోయేవాళ్లు కాంట్రాక్టులో మూడు చోట్ల వేలు పెట్టి చూసుకోండి: పుస్తకం కొన్నాళ్లు అచ్చులో లేకపోతే హక్కులు మీకు తిరిగొస్తాయా, కంపెనీ చేతులు మారినా మూతపడినా ఏమవుతుందో రాసి ఉందా, అమ్మకాల లెక్కలు మీరు అడిగి చూసుకునే వీలుందా. ఈ మూడూ లేని కాగితం మీద సంతకం పెట్టమని ఎవరైనా ఎక్లిప్స్ కథ చెబితే, టోరెన్ స్మిత్ కేసు సంగతి అడగండి.