గోడ లేనిదే గుమ్మం లేదన్న సాఫ్ట్‌వేరు గారికి

మహారాజశ్రీ ఇళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేరు గారి దివ్యసముఖమునకు,

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి నమస్కరించి వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. గోదావరి కూడా ప్రస్తుతానికి క్షేమంగానే, గట్టు లోపలే ఉంది. తమరు నా ల్యాప్‌టాప్‌లో మూడు నెలలుగా సుఖంగా ఉన్నారనీ, మధ్యమధ్యలో "స్పందించడం లేదు" అని బోర్డు తిప్పేసి కునుకు తీస్తున్నారనీ నాకు తెలుసు. అలసట ఉండదా మరి, ఒక్కరే అన్నిళ్ళు కట్టాలాయె.

సంగతేమిటంటే, మా నాన్న పాత పెంకుటిల్లు విప్పించి అదే స్థలంలో కొత్తిల్లు కట్టాలనుకున్నారు. "ప్లాను నువ్వే గియ్యమ్మా, నువ్వు కంప్యూటర్ చదివావుగా" అన్నారు. నేను చదివింది బీకాం. పనిచేసేది బ్యాంకులో. కానీ కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్ళందరూ మా నాన్న లెక్కలో కంప్యూటర్ చదివినవాళ్ళే. అలా తమరితో పరిచయ భాగ్యం కలిగింది.

మొదటి రోజు తమరి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మౌసు పట్టి లాగితే గోడ వచ్చింది. మళ్ళీ లాగితే మళ్ళీ గోడ. రెండు గోడల కొసలు దగ్గరికి చేరిస్తే వాటంతటవే అతుక్కున్నాయి. మా నాన్నా, మా మేనత్తలూ స్థలం పంపకాలప్పుడు అంత తొందరగా అతుక్కోలేదండీ. నాలుగో గోడ మూసీ మూయగానే లోపల నేల పరుచుకుంది, పైన కప్పు పడింది, "గది" అని పేరు కూడా పెట్టేశారు. ఇటుక బట్టీకి అడ్వాన్సు లేదు, ఇసుక ట్రాక్టరు కోసం ఎదురుచూపులు లేవు.

చిక్కు గోడ మందం దగ్గర మొదలైంది. తమరు నన్నేమీ అడక్కుండానే నాలుగున్నర అంగుళాల గోడ పెట్టారు. మా ఊళ్ళో పార్టిషన్ గోడ కూడా నాలుగున్నరే కదా, ఈయన మన వైపు మనిషే అని సంబరపడ్డాను. తీరా గోడ గుణగణాలు తెరిచి చూస్తే అందులో ఇటుకే లేదు. మూడున్నర అంగుళాల చెక్క, దానికి రెండు పక్కలా అరంగుళం చొప్పున జిప్సం పలక. అమెరికా ఇళ్ళ లెక్కట. అంకె ఒకటే, గోడ వేరు. ఆ పలకకి మా తాతగారి ఫోటో కోసం మేకు కొడితే తాతగారు పక్కగదిలో తేలతారు.

సరే, తొమ్మిదంగుళాల ఇటుక గోడ అని మార్చాను. తమరు గోడని నడిమధ్య గీత నుంచి రెండు వైపులా సమానంగా లావు చేశారు. ఎంత న్యాయం! ఒక్కో పక్క రెండుంపావు అంగుళాలు పెరిగింది. అటు గోడా ఇటు గోడా కలిపి గది లోపల నాలుగున్నర అంగుళాలు తగ్గింది. సిద్ధాంతి గారు ఆ లోపలి కొలతలకే ఆయం కట్టి ఇచ్చారు. కాగితం చూసి ఆయన "ఇందులో ఎవరుంటారమ్మా?" అని మాత్రం అడిగారు. ఆ రాత్రి మా అమ్మకి నిద్ర లేదు.

పూజగది గోడలో దీపం గూడు కావాలని అమ్మ కోరిక. పాత ఇంటి మట్టిగోడలు రెండడుగుల మందం, ఎక్కడ కావాలంటే అక్కడ గూడు. తమరి దగ్గర గూడు అనే మాటే లేదు. కిటికీనే చిన్నది చేసి పెట్టుకోమన్నారు. పెట్టాను. తమరి ధర్మంలో కంత అంటే గోడకి ఇటు నుంచి అటు దాకా కంతేనట. దీపం పెట్టి చూస్తే వెలుగు మా పూజగదిలో కంటే పక్కింటివాళ్ళ పెరట్లో బాగా పడింది. వాళ్ళకీ మాకూ గట్టు తగాదా ఉంది. అమ్మ ఒప్పుకోలేదు.

అసలు తమరికి తెరిచి ఉంచడమంటే ఎందుకంత కోపం? మా ఇళ్ళల్లో మనుషులు కూర్చునేది సగం రోజు అరుగు మీదే. పేపరు అక్కడే, పంచాయతీ అక్కడే, కొబ్బరి దింపులకి వచ్చినవాళ్ళకి మజ్జిగ అక్కడే. అరుగు ఇంట్లో ఉన్నట్టా, వీధిలో ఉన్నట్టా అని మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగలేదు. తమరు అడిగారు. నాలుగు పక్కలా మూస్తే గది, మూయకపోతే ఆరుబయలు. మూడోది లేదన్నారు. చివరికి "కనిపించని గోడ" అని ఒకటి ఇచ్చారు. కనిపించని గోడ కట్టుకుంటే తప్ప మా అరుగు మాకు దక్కలేదు.

ఇక మండువా సంగతి. మా తాతగారి ఇంట్లో నడి మధ్యన ఆకాశం ఉండేది. నాలుగు వైపుల పెంకులూ లోపలికే వాలి ఉండేవి. వాన పడితే నాలుగు చూర్ల నీళ్ళూ మండువాలోకే పడేవి, పిల్లలం అందులోకే పడేవాళ్ళం. కొత్తింట్లో చిన్నదైనా మండువా ఉండాలని నాన్న పట్టు. నేను మధ్యలో నాలుగు గోడలు గీశాను. తమరు ఆగలేదు, దాని మీద కూడా కప్పు వేసేశారు. తీసేశాను. ఇంకో గోడ కదిపేసరికి మళ్ళీ వేశారు. "ఈ గదికి పైకప్పు వద్దు" అన్న గడి ఏడో మెనూలో దొరికింది. అది నొక్కాక కప్పు పోయింది కానీ వాలు అంటే బయటికే అన్న మీ పట్టుదల పోలేదు. నాలుగు కప్పు పలకల్నీ చేత్తో ఒక్కొక్కటీ గీసి లోపలికి వంచేసరికి రెండు ఆదివారాలు అయిపోయాయి. మా మేస్త్రి గారు పక్కన కూర్చుని చూసి చూసి, "ఈపాటికి నిజంది కట్టేద్దుమండి, ఆయ్" అన్నారు.

తమరి సామాన్ల కొట్టు గురించి కూడా విన్నవించుకోవాలి. చలి కాచుకునే పొయ్యిలు పెట్టారు, స్నానాల తొట్లు పెట్టారు. రుబ్బురోలు లేదు. గాబు లేదు. ఉయ్యాలబల్ల, పడక్కుర్చీ, తులసికోట ఏవీ లేవు. "మీ సొంత సింబల్ మీరే చేసుకోండి" అని ఎంతో పెద్ద మనసుతో దారి చూపించారు. తులసికోటతో మొదలుపెట్టాను. వేరే బొమ్మల సాఫ్ట్‌వేరులో మూడడుగుల ఎత్తు, అంటే 36 అంగుళాలు పెట్టి చేశాను. దిగుమతి చేసేటప్పుడు తమరు 36 అన్న అంకె ఉంచుకుని అంగుళాలు వదిలేశారు, మీటర్లు అనుకున్నారు. అంటే 118 అడుగుల తులసికోట. మా పెరట్లో కొబ్బరి చెట్లన్నీ దాని మొదట్లో కొత్తిమీర మళ్ళలా ఉన్నాయి. ప్రదక్షిణ చేయాలంటే ఊరు దాటి వెళ్ళాలి.

ఈ సింబల్ అనే ఆలోచన నిన్నటిది కాదట. 1963లో అమెరికాలో ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉందది. ఒక మూలబొమ్మ, దానికి ఎన్నైనా నకళ్ళు, మూలం మారిస్తే నకళ్ళన్నీ మారతాయి. చదివి మురిసిపోయాను. ఆ మురిపెంలోనే వంటింటి కిటికీ వెడల్పు కాస్త తగ్గించాను. నకలుని కాదు, మూలాన్ని మార్చానని నాకు తెలీదు. ఇంట్లో పధ్నాలుగు కిటికీలూ ఒక్కసారి చిక్కిపోయాయి. మా పెద్దమ్మ ఇంతే, ఒకరికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదికీ కషాయం పట్టేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గుమ్మం.

పాత ఇంటి వీధి గుమ్మం కొత్తింటికీ ఉండాలని నాన్న నిర్ణయం. టేకు. రెండు రెక్కలు. పైకమ్మీ మీద లక్ష్మీదేవి, అటూ ఇటూ చెరో చిలక. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, తమరి తలుపు కంటే పదకొండు అంగుళాలు పొట్టి. తల వంచి రావాలి. నేను టేపు పట్టుకుని అంగుళం అంగుళం కొలిచాను. గడప తొక్కకూడదని మా ఇంట్లో నాలుగు తరాలుగా అందరూ అందరికీ చెప్పారు. ఆ గడప మధ్యలో మాత్రం అరంగుళం లోతున అరుగుదల ఉంది. ఆ పల్లాన్ని కూడా బొమ్మలో దించాను.

మొదటిసారి తెచ్చి గోడలో పెడితే తమరు దాన్ని బీరువా జాతిలో కలిపారు. బీరువాలకి గోడ దారి ఇవ్వదట. తొమ్మిదంగుళాల గోడ మా గుమ్మాన్ని చిలకలతో సహా మింగేసింది. గొళ్ళెం కొస ఒక్కటి బయటికి పొడుచుకొచ్చి ఉంది, మునిగిపోయేవాడి చెయ్యిలాగా. రెండోసారి "ఇది తలుపు" అని కులం మార్చి పెట్టాను. గోడ కోసి దారిచ్చారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. తలుపు తెరిచి చూద్దామని నొక్కాను. రెక్క వేరు, ద్వారబంధం వేరు అని నేను విడదీసి చెప్పలేదు కాబట్టి గుమ్మం మొత్తం తిరిగింది. గడప, చిలకలు, లక్ష్మీదేవి అంతా కలిసి తొంభై డిగ్రీలు తిరిగి హాల్లోకి వచ్చేశారు. లక్ష్మి ఇంట్లోకి రావాలని కోరుకున్న మాట నిజమే కానీ, గుమ్మం పీక్కుని రమ్మనలేదు. మూడోసారి అదీ దిద్దాను. ప్లాను అచ్చు తీస్తే చెక్కడంలోని గీతలన్నీ ఒక్కచోట కుప్పపడి, గుమ్మం ఉండాల్సిన చోట కాటుక ఒలికినట్టు ఒక నల్ల మచ్చ. పైనుంచి చూసే బొమ్మ విడిగా, సాదాగా గీసివ్వాలట.

ఎత్తుల గొడవ కూడా ఒకటుంది. పాత ఇంటి వసారా గోడ మీద ఒక గీత ఉంది. 1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తాతగారు బొగ్గుతో గీసుకున్నారు. తర్వాత ఏటా సున్నం వేయించేవారు కానీ, ఆ గీత మీద మాత్రం కుంచె పడనిచ్చేవారు కాదు. కొత్తింటి నేల దానికి జానెడు పైన ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎత్తంటే మాకు గుర్తొచ్చేవి ఈ అంకెలు. తమరి దగ్గర నేల ఎత్తు ఎప్పుడూ సున్నా. నేను నేలని ఐదడుగులు పైకి జరిపాను. గోడలు లేచాయి. నేను సొంతంగా చేసుకున్న సామానుకి మాత్రం ఎత్తు భూమి నుంచి కొలిచారట, లేవలేదు. రుబ్బురోలు, గాబు, ఉయ్యాలబల్ల అన్నీ నేల కింద. గోదావరి రాకముందే సామాను ముంచిన ఘనత తమరిదే.

కిందటి గురువారం గుమ్మం ఎత్తే ముహూర్తం. తమరిని పిలవలేదని అనుకోవద్దు, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి అక్కడే ముక్కాలిపీట మీద పెట్టాను. మేస్త్రి గారు ముందే ముగ్గు పోసి పునాది లేపి, మెరక కొట్టించి ఉంచారు. తెల్లవారుజామున వడ్రంగి, మేస్త్రి, నాన్న, బాబాయి కలిసి ద్వారబంధాన్ని తూర్పు ముఖంగా నిలబెట్టారు. అటొకటి ఇటొకటి సరుగుడు కర్రలు ఆనించారు. అమ్మ గడపకి పసుపు రాసి బొట్లు పెట్టింది, మామిడాకులు కట్టింది. చుట్టూ ఎక్కడా ఒక్క ఇటుక లేదు. గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. పక్కనుంచి పది మంది నడిచి వెళ్ళేంత ఖాళీ ఉన్నా, నాన్న తల వంచి గుమ్మంలోంచే లోపలికి నడిచారు. వెనకాలే అందరూ.

నేను కూడా నడిచి, తమరి ముందు కూర్చుని, ఖాళీ పేజీలో మా గుమ్మం సింబల్ ఎత్తి పెట్టబోయాను. "తలుపు పెట్టడానికి గోడ లేదు" అన్నారు. మేస్త్రి గారికి చదివి వినిపించాను. ఆయన తాపీ కడుక్కుంటూ, "గోడ ఎల్లుండి మొదలెడదారండి, అప్పటిదాకా ఆయన్ని కూర్చోమనండి" అన్నారు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
ప్రస్తుతం ఉచిత ట్రయల్‌లో మిగిలిన తొమ్మిది రోజుల వినియోగదారు.

తా.క.: 118 అడుగుల తులసికోట ఫైలు చెరపలేదు. మా మేనల్లుడు చెరపనివ్వడం లేదు. వరదొస్తే అందరం దాని మీదకి ఎక్కుదామంటున్నాడు.