మా హాల్లో అద్దెకుండే పెద్దమనిషి

విశాఖ అక్కయ్యపాలెంలో మాది రెండు వాటాల ఇల్లు. మేడ మీద వాటావాళ్ళు ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా అద్దె ఇచ్చేస్తారు. కింద మా హాల్లో, టీవీ స్టాండు మీద, ఇంకో పెద్దమనిషి ఉంటున్నాడు. నల్లగా, పలకంత ఉంటాడు, నుదుటన ఎర్ర దీపం. కరెంటు మాది, నీడ మాది, రోజూ ఒళ్ళు తుడిచేది మా ఆవిడ. నెల తిరిగేసరికి అద్దె మాత్రం మేమే ఆయనకి ఇస్తాం. ఆయన్ని సెట్‌టాప్ బాక్సు అంటారు.

ఇది అన్యాయమని కొంతమంది వీధి అరుగుల మీద కూర్చుని అంటున్నారు. ఆ మాటని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఈయన మన ఇళ్ళలోకి ఎందుకొచ్చాడో ముందు తెలుసుకోవాలి. 2013 మార్చి 31 గడువుగా కేబుల్‌ని డిజిటల్ చెయ్యాలన్న 38 నగరాల్లో హైదరాబాద్‌తో పాటు విశాఖ కూడా ఉంది. అంతకు ముందు వైరు తిన్నగా టీవీ వెనక గుచ్చుకునేది. వానొస్తే బొమ్మ మీద బియ్యం చల్లినట్టు చుక్కలు పడేవి, మనం యాంటెన్నా రోజులు తలుచుకుని సర్దుకునేవాళ్ళం. కానీ ఆపరేటర్లు కనెక్షన్లు తక్కువ చేసి చూపిస్తున్నారని ఛానళ్ళవాళ్ళకీ, పన్ను ఎగ్గొడుతున్నారని సర్కారుకీ అనుమానం. ఇంటికో బాక్సు పెడితే లెక్క తేలిపోతుంది. అంటే ఈయన మన తలలు లెక్కపెట్టడానికి వచ్చిన ఉద్యోగి. మరి ఆయన బత్తెం ఎవరివ్వాలి? తలలు ఎవరివో వాళ్ళే.

బాక్సు పెట్టిన రోజున నేను వెయ్యి రూపాయలు కట్టాను. రసీదు మీద ఏదో గిలికారు. అది కొన్నట్టా, డిపాజిట్టా, అద్దె అడ్వాన్సా అని ఎన్నిసార్లు అడిగినా కేబుల్ కుర్రాడు చిరునవ్వే నవ్వాడు. తప్పు నాది. సింహాచలం అప్పన్న అంతటివాడే ఏడాది పొడుగునా చందనం కప్పుకుని, ఒక్క అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపిస్తాడు. బాక్సు నిజరూపం కూడా ఒక్కరోజే కనబడుతుంది, కనెక్షన్ తీసేసిన రోజున. చెడిపోయినప్పుడు మనదీ, తిరిగిచ్చేటప్పుడు కంపెనీదీ. బీచ్ గాలికి వెనక పిన్ను తుప్పు పట్టిందా? మనది. అడాప్టర్ కాలిపోయిందా? మనదే. అది కాలిపోతే డాబాగార్డెన్స్ వెళ్ళి 180 రూపాయలు పెట్టి కొత్తది నేనే తెచ్చుకున్నాను. ఈ 180 పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

2019 ఫిబ్రవరి 1 నుంచి మనకి స్వాతంత్ర్యం వచ్చింది. చూసే ఛానల్‌కే డబ్బులు కట్టండి, చూడనిదానికి వద్దు అన్నారు. మా ఆవిడ నోటుబుక్కులో గళ్ళు గీసి, సీరియళ్ళకి రెండు, వార్తలకి ఒకటి, భక్తికి ఒకటి, నాకు క్రికెట్‌కి ఒకటి రాసింది. కూడితే పెద్దగా ఏమీ రాలేదు. అప్పుడు కుర్రాడు చెప్పాడు, ముందు వైరు మీద వంద ఛానళ్ళ దాకా వచ్చినందుకు 130, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు అని. ఛానళ్ళ ధర ఆ తర్వాత మొదలవుతుంది. హోటల్లో ఇడ్లీ తినకపోయినా కుర్చీకి చార్జీ ఉంటుందన్నమాట. హెచ్‌డీ ఛానల్‌ని రెండు ఛానళ్ళుగా లెక్కేశారు. లావుపాటి మనిషి బస్సులో రెండు టిక్కెట్లు కొనడం న్యాయమే కదా.

ఆ తర్వాత 2020లో, ఫోన్లకీ టీవీ ఛానళ్ళకీ నిబంధనలు పెట్టే సర్కారు సంస్థ ట్రాయ్ కొంత కరుణించి, అదే 130కి వంద బదులు 200 ఛానళ్ళన్నది. ఇంట్లో రెండో టీవీ ఉంటే దాని మీద ఈ రుసుం 40 శాతం దాటకూడదన్నది. 2024 జులైలో మాత్రం ఆ 130 గీతనే చెరిపేసింది. బాక్సు బిగించడానికి 350, యాక్టివేషన్‌కి 100 దాటకూడదన్న గీతలు కూడా దానితోనే పోయాయి. దీనికి వాళ్ళు వాడిన మాట ‘ఫర్బేరెన్స్’. నిఘంటువు తీసి చూశాను, ఓర్పు అని ఉంది. ఎవరి ఓర్పో వేరే చెప్పలేదు.

కంపెనీ మారిపోవచ్చు కదా అని మీరనొచ్చు. మారాను, మూడుసార్లు. సెల్ నంబరు 2011 నుంచి ఏ కంపెనీకి కావాలంటే ఆ కంపెనీకి పట్టుకుపోతున్నాం. బాక్సు అలా రాదు. దానికి ఎవరి తాళం వాళ్ళు వేస్తారు. ఒక కంపెనీ బాక్సు చచ్చినా ఇంకో కంపెనీ సిగ్నల్ ముట్టదు. పురాణాల తర్వాత ఇంతటి పాతివ్రత్యం మళ్ళీ వీటిలోనే చూశాను. ఏ బాక్సయినా ఏ కంపెనీకైనా పనిచెయ్యాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఏ అటక మీద ఉందో గానీ, మా అటక మీద మాత్రం, ఎవరూ వెనక్కి అడగని పాత బాక్సులు రెండున్నాయి. ఒకదాంట్లో బల్లి కాపురం. దాని దగ్గర ఎవరూ అద్దె అడగడం లేదు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేసి ఏడిస్తే వాడు నాకంటే గట్టిగా ఏడ్చాడు. అక్కడ ఇద్దరు సెనేటర్లు 2015లో లెక్క తీస్తే, సగటున ఇంటికి ఏడాదికి 231 డాలర్లు బాక్సుల అద్దే అయిందట. జనం సొంతంగా తెచ్చుకున్న పరికరానికి అద్దె గుంజకూడదని 2019లో చట్టమే చెయ్యాల్సి వచ్చిందట. అంటే అప్పటిదాకా గుంజుతున్నారన్నమాట. మనవాళ్ళకి ఇంకా ఆ తెలివి రాలేదు. ఇది ఎక్కువమందికి చెప్పకండి.

నాకు బాగా నచ్చిన వాదన మాత్రం హుద్‌హుద్ అప్పటిది. 2014 అక్టోబర్ 12న తుఫాను ఊరిని ఊడ్చేసింది. స్తంభాలు రోడ్ల మీద, కేబుల్ వైర్లు చెట్ల కొమ్మల్లో. రోజుల తరబడి కరెంటు లేదు, చీకట్లో కొవ్వొత్తులు. నెలాఖరుకి కుర్రాడు పుస్తకం పట్టుకుని వచ్చాడు.

“బొమ్మే రాలేదు కదయ్యా, అద్దె ఏమిటి?” అన్నాను.

“బొమ్మ రాలేదండి. బాక్సు మాత్రం మీ ఇంట్లోనే ఉంది కదండి,” అన్నాడు.

కట్టేశాను. అంత శాస్త్రం తెలిసినవాడితో వాదించకూడదు.

ఈ మధ్య ఇంటర్నెట్ పెట్టించుకుని, కేబుల్ తీసెయ్యమన్నాను. కుర్రాడు వచ్చి బాక్సు అటూ ఇటూ తిప్పి చూశాడు. నంబరు సరిచూసుకున్నాడు. రిమోట్ మూత పోతే మా ఆవిడ వేసిన రబ్బరు బ్యాండు చూసి ఏమీ అనలేదు. అడాప్టర్ దగ్గర ఆగాడు.

“ఇది మాది కాదు కదండి, మాస్టారూ.”

“మీది కాలిపోయింది. 180 పెట్టి నేనే కొన్నాను.”

“మరి కంపెనీ అడాప్టర్ లేదంటే డిపాజిట్‌లో 150 తగ్గుతుందండి.” రాసుకున్నాడు. తర్వాత నా అడాప్టర్ చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అదెందుకంటే, “ఇది లేకపోతే ఆఫీసులో బాక్సు టెస్ట్ చెయ్యడం కుదరదండి,” అన్నాడు.

స్టాండు మీద దుమ్ము లేని పలకంత చోటు మిగిలింది. కిటికీలోంచి వైరు ఇంకా వేలాడుతోంది. అది కూడా తీసుకుపొమ్మన్నాను.

“ఉండనివ్వండి, మాస్టారూ,” అన్నాడు చెప్పులేసుకుంటూ. “అమ్మగారి సీరియల్ ఆ ఇంటర్నెట్‌లో రాదండి. మళ్ళీ ఫోన్ చేస్తారు.”