వాల్యూమ్ నాబ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాల్యూమ్ నాబ్ గారికి,

ఆంప్లిఫయర్ కొనబోయేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ బరువు చూసి మురిసిపోతారు, ముందున్న అల్యూమినియం పలకను తడిమి చూస్తారు. అసలు బేరం కుదిర్చేది మీరేనని ఒక్కరూ గుర్తించరు. ఆ అన్యాయం చూడలేకే ఈ లేఖ.

డెమో గదిలో మీ నేర్పు ముచ్చటగొలుపుతుంది. ముప్పై వేల రూపాయల ఆంప్లిఫయర్ మోగేటప్పుడు మీరు వినయంగా తల వంచుకుని ఉంటారు. లక్షన్నరది కలపగానే ఒక్క పిసరు ముందుకు జరుగుతారు. డెసిబెల్ అటూ ఇటుగా పెరిగితే 'శబ్దం పెరిగింది' అని మాకు తోచదు, 'ఎంత క్లారిటీ!' అంటాం. తక్కువ శబ్దంలో చెవికి బేస్ సరిగా అందదని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే తేల్చారు. మీరు కాస్త తిరిగితే చాలు, ఎక్కడి నుంచో బేస్ ఊడిపడుతుంది. "బేస్ గమనించండి సార్" అంటాడు సేల్స్‌మన్. గమనిస్తాం. తలలూపుతాం. ఇంటికెళ్లి వినేది ఘంటసాల పాత పాటలు. మోనో కాబట్టి రెండు స్పీకర్లూ ఒకే మాట చెబుతాయి. అది వేరే సంగతి.

వాట్ల విషయంలోనూ మీ మౌనం మెచ్చదగినది. 40 వాట్లు 80 అయితే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు 400 కావాలి. ఒకప్పుడు చిన్న సెట్ల డబ్బాల మీద వేల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠమని చెప్పుకునే లెక్క) వాట్లు అచ్చేసేవారు. గోడలోని మామూలు ప్లగ్గు కూడా అంత ఇవ్వలేదు పాపం!

మీకున్న శత్రువు వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒక్కటే. ఒకే స్వరం మోగించి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర రెండు ఆంప్లిఫయర్ల వోల్టేజీనీ ఒక్క శాతంలోపు సరిచేస్తే మీ ఆటలు సాగవు. 1987లో అమెరికా పత్రిక 'స్టీరియో రివ్యూ' శబ్దస్థాయిలు సమం చేసి, చవక రిసీవర్‌నూ వేల డాలర్ల ఆంప్లిఫయర్లనూ ఏది మోగుతోందో చూపకుండా వినిపించింది. తేడాను నమ్మకంగా పట్టుకోలేకపోయారు శ్రోతలు. అన్నీ ఒకటేనని నేననను. ఎక్కువ కరెంటు లాగే నాలుగు ఓమ్‌ల మొండి స్పీకరు, పెద్ద హాలు ఉంటే బక్క ఆంప్లిఫయర్ గొంతు బొంగురుపోతుంది. అది తెలుసుకోవాలంటే మా స్పీకర్లతో, మా హాల్లో వినాలి. షాపువాళ్లు మాత్రం తమ గదిలో, తమ స్పీకర్లతో, ఎప్పుడూ మోగించే ఆ ఒక్క గిటారు పాటే వినిపిస్తారు.

అందుకే ఈ ఆదివారం మల్టీమీటరూ ఒక నల్లగుడ్డా తెస్తున్నాను. ఏ పెట్టె మోగుతోందో మీకూ కనిపించదు, కాస్త ఓర్చుకోండి.

ఇట్లు,
ఇంకా అడ్వాన్సు కట్టని కస్టమర్