చచ్చిన చేపకున్న సుఖం

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపకు గట్టు మీదకు రాగానే జరిగే మొదటి మర్యాద పక్క వేయడం. పెట్టెలో కింద ఐసు, మధ్యలో శీలావతి, పైన మళ్లీ ఐసు. ఎండ తగలకుండా, ఎవరూ లేపకుండా కైకలూరు నుంచి హౌరా దాకా సుమారు 1,200 కిలోమీటర్లు పడుకునే వెళ్తుంది. ఆ పెట్టెలకు ముందు, ఇంజను పక్కన, మెలకువగా ఉండే ప్రాణి ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవరంటారు. ఆ ప్రాణి కష్టాల గురించి రాసేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లే తక్కువ. పాపం, ఓనరు తరపున ఎవరూ రాయడం లేదు. ఆ లోటు తీరుద్దామని కూర్చున్నాను.

ఓనరుకు మొదటి శత్రువు చట్టం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చూశాను. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదట. దూరం రూట్లకైతే అనుమతి తీసుకుని 10 గంటలు, వారానికి 54. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట ఆపాలి. ఇవాళ డ్యూటీ దిగినప్పటి నుంచి రేపు ఎక్కేదాకా వరసగా తొమ్మిది గంటల విశ్రాంతి. ఆ 'వరసగా' అన్న మాట రాసినాయన ఎవరో తెలియదు గానీ, ఆయనకు సొంత లారీ మాత్రం లేదు. పోనీ, ఐదుగురికి తక్కువ మంది పనిచేసే చోట ఈ చట్టం వర్తించదు కదా అని చిన్న ఓనర్లు ఊపిరి పీల్చుకుందామంటే, 1988 మోటారు వాహనాల చట్టంలో 91వ సెక్షన్ పెట్టి, రవాణా బండి నడిపే ఎవరికైనా అవే గంటలన్నారు. పాత చట్టాన్ని తర్వాత 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపేశారు. బీరువాలో అర మారింది, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. లోడుతో ఉన్న లారీ గంటకు 50 చొప్పున పోతుందనుకుంటే హౌరాకు 24 గంటల డ్రైవింగ్. రోజుకు 8 గంటలంటే మూడు రోజులు. ఇవాళ సాయంత్రం ఎత్తిన లోడు ఎల్లుండి తెల్లారేసరికి మార్కెట్లో దిగాలి. చట్టప్రకారం నడిపితే అక్కడ దిగేది చేప కాదు, కొబ్బరిచెట్లకు ఎరువు. ఇద్దరు డ్రైవర్లను పెడితే సరిపోతుందిగా అంటారు తెలివైనవాళ్లు. రెండో డ్రైవరుకు జీతం, బత్తా ఎవరిస్తారండీ? అందుకే ఆ ఖర్చును మొదటి డ్రైవరు కళ్లలోంచి తీస్తారు.

అలాగని ఓనరు హాయిగా పడుకుంటున్నాడని అనుకోకండి. బండికి జీపీఎస్ పెట్టించాక ఆయనకూ నిద్ర కరువైంది. తుని దాటాక మ్యాపులో బండిని చూపే చుక్క ఇరవై నిమిషాలు కదలకపోతే ఫోన్ చేయాలి.

"ఏరా, ఎక్కడున్నావ్?"

"కళ్లు మండుతున్నాయండి. కాసేపు పక్కకు పెట్టానండి."

"పెట్టరా, పెట్టు, నేను వద్దన్నానా? ఐసు కరిగిపోతోందని గుర్తు చేద్దామని చేశానంతే."

ఒత్తిడి అంటే ఇదేనని కొందరు ఆరోపిస్తారు. అన్యాయం. ఇందులో ఒక్క కటువైన మాట ఉందేమో మళ్లీ చదవండి.

ప్రభుత్వం ఊరుకుందని కూడా అనలేం. మన రాష్ట్రంలో అర్ధరాత్రి దాటాక పోలీసులు హైవే మీద లారీలాపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతున్నారు. చట్టంలో తొమ్మిది గంటలు, రోడ్డు మీద చెంబెడు నీళ్లు! నిద్రను ఇంత చిన్న సైజులోకి కుదించిన ఘనత మనదే. (వాళ్లను వెక్కిరించడం లేదు. ఆ నీళ్లతో నిజంగానే కొన్ని ప్రాణాలు దక్కి ఉంటాయి. ఎనిమిది గంటలకు పైగా నడిపావా అని అడగాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు ఆ టైముకు పడుకుంటారు.) 2021లో కేంద్ర మంత్రి గడ్కరీ గారు లారీ డ్రైవర్లకూ పైలట్లలా గంటలు నిర్ణయించాలన్నారు, కునుకును పసిగట్టే సెన్సార్లు పెట్టాలన్నారు. కునుకు పడితే లేపే యంత్రం అనగానే నాకు తెలిసిన ఓ ఓనరు మొహం వెలిగిపోయింది. పైలట్ల సంగతి వినగానే ఆరిపోయింది. మొన్న 2025 డిసెంబరులో, పైలట్ల విశ్రాంతి నిబంధనలకు సరిపడా మనుషుల్ని పెట్టుకోక విమానాలు కుప్పలుగా రద్దయి, చివరికి నిబంధననే సడలించినప్పుడు గానీ ఆయన మళ్లీ కోలుకోలేదు. "చూశారా, ఆకాశంలోనే కుదర్లేదు" అంటూ పేపరు తెచ్చి చూపించాడు.

2024 ఫిబ్రవరిలో ప్రధాని గారు జాతీయ రహదారుల వెంట డ్రైవర్ల కోసం మొదటి విడతలో వెయ్యి విశ్రాంతి భవనాలన్నారు. మంచిదే. మంచముంటుంది, మంచం పక్కన ఫోనుంటుంది. ఇక 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. ఎండకు పాడయ్యే సరుకుల జాబితాలో చేప తర్వాత ఎన్నో ఏళ్లకు డ్రైవరు చేరాడన్నమాట. నా సూచన ఒక్కటే. ఆ జాబితాలో అతన్ని లిఖితపూర్వకంగా చేర్చండి. కార్మికుడని రాస్తే ఎవరికీ పట్టదు. 'త్వరగా చెడిపోవు సరుకు' అని రాస్తే ఓనరు, గుమాస్తా, మేస్త్రి అందరూ జాగ్రత్తగా చూసుకుంటారు, నలిగితే రేటు పడిపోతుందని కంగారు పడతారు.

మా వీధి చివర ఒక డ్రైవరున్నాడు. మేలో మేనకోడలి పెళ్లి. పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లాల్సిన మేనమామ అతనొక్కడే. ఇరవై ఆరు రోజులు ఏకబిగిన తిరిగి, నాలుగు రోజులు సెలవడిగాడు. ఓనరు పెద్ద మనసుతో ఇచ్చాడు. పెళ్లికి వెయ్యి నూట పదహార్లు కూడా పంపాడు, అడ్వాన్సు ఖాతాలో రాసి.

మొదటి రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది, పందిరి వేశారా అని. రెండో రోజు పొద్దున ఇంకొకటి, పెళ్లయ్యాక చుట్టాలిళ్లకేమీ వెళ్లొద్దని. ముహూర్తం రాత్రి రెండు గంటలకు. పన్నెండున్నరకు మూడోది మోగింది.

"గంప ఎత్తావా?"

"ఇంకా లేదండి."

"ఏం ఫర్లేదు, శుభమా అని ఎత్తు. దించగానే బయల్దేరు. లోడు తగిలింది."

"నాలుగు రోజులన్నారు కదండీ. ఇంకా రెండు..."

"అన్నాను, కాదనడం లేదు. ఆ రెండూ వచ్చే నెల్లో కలిపి తీసుకుందువుగాని. మనోడివని నీకు చెప్తున్నా. కాదంటే వేరేవాణ్ని ఎక్కించమంటావా, చెప్పు. పాత బాకీ సంగతి తర్వాత చూసుకుందాం."

డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు మీటింగుల్లో వాపోతుంటారు. ఆ వేరేవాడు మాత్రం ఫోన్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. ఇన్నేళ్లలో అతన్ని చూసిన డ్రైవరు ఒక్కడూ లేడు.

గంప దించాడు. తలంబ్రాలు అయ్యేదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే లేవలేనని భయం. తెల్లారి వాళ్లక్క టిఫిన్ క్యారియర్‌లో పులిహోర, లడ్డూలు సర్దిచ్చింది. చొక్కా మార్చుకునే టైము లేక భుజం మీద పసుపు మరకతోనే చెరువు గట్టుకు వెళ్లాడు. ఆ సరికే లోడింగ్ మొదలైంది. మేస్త్రి పెట్టెలు లెక్కపెడుతున్నాడు. బైకు దిగి వచ్చిన ఓనరు తల మీద తువ్వాలు కప్పుకుని ఎండకేసి చూసి, నిజంగానే బాధపడ్డాడు.

"ఒరేయ్, ఐసు దగ్గర పీనాసితనం చేయకండ్రా. ఈ ఎండకు అవేం తట్టుకుంటాయి పాపం. దారిలో ఇంకోసారి ఐసు వేయించు, విన్నావా?"

"అలాగేనండి," అని డ్రైవరు క్యాబిన్ ఎక్కాడు. అది 2018 మోడలు బండి.