ఓక్ చెక్కపొట్టు పొట్లం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఓక్ చెక్కపొట్టు పొట్లం గారికి, కోనసీమ కొబ్బరి రైతు ఒకడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు 23 లీటర్ల ద్రాక్షరసం అడుగున నాని కూడా క్షేమంగానే ఉండి ఉంటారని తలుస్తాను. ఆ రసం షార్డొనే అనే తెల్లద్రాక్షది. ఆ పేరుతో ఫ్రాన్సులోని బర్గండీలో ఒక ఊరే ఉంది కనుక ఆ ఊరివాళ్లు దాన్ని ధైర్యంగా చెప్పుకోవచ్చు. మా ఊరి పేరు మాత్రం వ్రాయలేను. తమరు బయలుదేరి వచ్చిన అమెరికాలో ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో సొంత వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైన్ చేసుకోవచ్చు. మా ఆబ్కారీ వారి మనసు ఇంకా అంత విశాలం కాలేదు.

పూర్వం అమెరికా నుంచి వచ్చేవాళ్లు బాదంపప్పులూ సెంటు సీసాలూ తెచ్చేవారు. మా బావమరిది మాత్రం విమానంవాళ్లు అనుమతించిన 23 కిలోల్లో సగానికి పైగా ఇంట్లో వైన్ చేసుకునే ఈ కిట్‌కే ధారపోసి, చిక్కబరిచిన షార్డొనే రసం సంచీని, ఈస్టును, నాలుగైదు రకాల పొడులను, వాటి నడుమ తమరిని మోసుకొచ్చాడు. అట్టపెట్టె మీద నేలమాళిగలో బారులు తీరిన ఓక్ పీపాల బొమ్మ ఉంది. పెట్టె విప్పితే పీపా లేదు, 60 గ్రాముల తమరున్నారు.

బర్గండీలో ఈ రసాన్ని 228 లీటర్ల పీపాల్లో పులియబెట్టి, అడుగున దిగిన ఈస్టు మడ్డి మీదే నెలల తరబడి ఉంచుతారనీ, పీపా లోపలి ముఖాన్ని నిప్పు సెగకు కాల్చడం వల్ల వెనిలా వాసనా పొగ వాసనా రసంలోకి దిగుతాయనీ, చెక్కలోంచి రవ్వంత రవ్వంతగా గాలి సోకి వైన్ నెమ్మదిస్తుందనీ బావమరిది నాకు రెండు పూటలు బోధించాడు. వాసనల వరకు తమరు ఎలాగో నెట్టుకొస్తారు, ఒప్పుకుంటాను. కానీ ప్లాస్టిక్ బక్కెట్టులో మునిగిన పొట్టు పీపా కాగలిగితే, మా కాలువలో కొట్టుకుపోయే కొబ్బరిమట్ట పడవ కావాలి. మా వడ్రంగి తమరిని చిటికెడు అరచేతిలో పోసుకొని, బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇది చిత్రికపొట్టు కూడా కాదండీ, రంపప్పొట్టండీ బాబూ. మా కొట్లో గోతాల్లో ఉందండి, పొయ్యిలోకి పట్టుకెళ్లమన్నా ఎవరూ రావట్లేదండి" అన్నాడు. తమరు నొచ్చుకుంటారని ఆ మాట ఇన్నాళ్లూ దాచాను.

తమరి వెంట వచ్చిన కాగితం రసాన్ని 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచమన్నది. వైశాఖమాసంలో మా డెల్టాలో అంత చల్లదనం దొరికే చోటు మా ఇంటికంతటికీ ఒక్కటే, అది మా మామగారు పడుకునే ఏసీ గది. బావమరిది కన్నతండ్రి నవారు మంచాన్ని అరుగు మీదికి సాగనంపి, బక్కెట్టును లోపల ప్రతిష్ఠించాడు. మూతకు బిగించిన ఎయిర్‌లాక్, అంటే లోపలి గాలిని బయటికి పోనిచ్చి బయటి గాలిని రానివ్వని నీళ్ల గొట్టం, రాత్రంతా బుడుక్కు బుడుక్కుమంటుంటే, కిటికీకి ఇవతల పెద్దాయన దోమలు తోలుకుంటూ లెక్కపెట్టేవారు. కరెంటు పోయిన రాత్రి బక్కెట్టుకు తడిగుడ్డలు చుట్టి ఇద్దరం వంతులవారీగా విసనకర్ర విసిరాం. బాలింతగా ఉన్నప్పుడు తనకు కూడా ఈ ఇంట్లో ఇంత సేవ జరగలేదని మా ఆవిడ అన్నది.

మాకు పులియడం కొత్త కాదు. తాటిచెట్టు మీద లొట్టిలోకి దిగే నీరా ఏ ఈస్టు పొట్లమూ లేకుండానే పులవడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపాలంటేనే లొట్టికి లోపల సున్నం పూయాలి. తేర్చడమూ కొత్త కాదు, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు బిందెలో చిల్లగింజ అరగదీసి తేర్చుకున్నవాళ్లం. బెంటోనైట్ అనే మట్టిని పోసి తేర్చడం మాత్రం ఇప్పుడే చూశాం. ఆ తర్వాత వేసిన కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి తీసే పదార్థమని బావమరిది సంబరంగా చెప్పిన రోజు శనివారం కావడంతో, బక్కెట్టు ఇంటి గడప దాటి కొట్టంలోకి వెళ్లింది. చుట్టూ రొయ్యల చెరువులున్న మాకు ఆ పెంకును సముద్రాలు దాటించి అమ్మిన వ్యాపారికి దండం పెట్టాలి.

పెట్టె మీద వెన్న పరిమళమని కూడా వ్రాసి ఉంది. షార్డొనేకు ఆ వాసన తెచ్చేది మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియా, అంటే మా పెరుగు తోడుకు దూరపు చుట్టం. కిట్ రసానికి ఆ చుట్టాన్ని పిలవకూడదు. మళ్లీ పులవకుండా చివర్లో కలిపే సార్బేట్ అనే పొడిని అది ముట్టుకుంటే వైన్ జెరేనియం ఆకు నలిపిన కంపు కొడుతుంది. కాబట్టి వెన్న అట్టమీదే ఆగిపోయింది.

ఆరు వారాలకు 29 సీసాలు తేలాయి. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా పెదనాన్న గారి అబ్బాయి మొదటి గ్లాసు వాసన చూసి, "ఏరా తమ్ముడూ, ఎండుకొబ్బరి కొట్లో నిలబడ్డట్టుందిరా" అన్నాడు. బావమరిది ముఖం వెలిగిపోయింది. అమెరికన్ ఓక్‌లో ల్యాక్టోన్లనే వాసన పదార్థాలు ఎక్కువనీ, కొబ్బరికి కమ్మని వాసన ఇచ్చేది కూడా ఆ జాతి పదార్థాలేననీ, ఈ చెక్క ఘనత అంతా అదేననీ వివరించాడు. అన్నయ్య గ్లాసు కింద పెట్టి, ధర లేక మా వాకిట్లో రాశిగా పడి ఉన్న కాయలకేసి ఒకసారి, బావమరిదికేసి ఒకసారి చూసి, చెప్పులు వేసుకున్నాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
28 సీసాల యజమాని

తాజాకలం: మామగారు ఏసీ గదిలోకి తిరిగి వెళ్లారు. ఆ బుడుక్కు చప్పుడు లేక నిద్రపట్టడం లేదంటున్నారు.